మనిషితోడేలు నవల రాస్తున్న అమ్మాయికి

అమ్మాయికి ఆశీస్సులు.

నీ నవల రాతప్రతి అందింది. మొదటి మూడు అధ్యాయాలు కింద పెట్టకుండా చదివాను. నాలుగు నుంచి తొమ్మిది దాకా మధ్యమధ్యలో లేచి కాఫీ పెట్టుకుంటూ చదివాను. ఆ తరవాతవి, నువ్వు అడిగావు కాబట్టి చదివాను. ఉన్నమాట చెప్పమన్నావు, చెప్తున్నాను. మొహమాటానికి 'బాగుందమ్మా' అని రెండు ముక్కలు రాసి పంపడం నాకూ చేతనవును గానీ, దానివల్ల నీకు ఒరిగేదేమీ లేదు.

బాగున్నది ముందు. మార్కాపురం పక్కన నువ్వు కల్పించిన ఆ ఊరు కళ్ళకు కట్టింది. పలకల గనుల పక్కన పారబోసిన ముక్కల గుట్టలు, వానాకాలం నీళ్ళు నిండే పాత గుంతలు, ఆ గుంతల వైపు పోతే కాళ్ళు విరగ్గొడతానని పిల్లల్ని తిట్టే అమ్మలు. మెడికల్ షాపు ఆయన రాత్రి తొమ్మిదిన్నరకు షట్టరు సగం దించి, లోపల లెక్క చూసుకుంటూ, ఆఖరి బస్సు దిగినవాళ్ళ కాళ్ళు మాత్రం ఆ సందులోంచి చూసి, ఎవరెవరు వచ్చారో భార్యకు చెప్పడం ఉంది చూడూ, అక్కడ పెన్సిల్ తీసి పక్కన గీత పెట్టాను. చెప్పులు చూసి మనిషిని పోల్చుకునే ఊరది. నీ నవలకి పునాది అక్కడే పడింది. నువ్వే గమనించుకోకుండా ముందుకు పోయావు.

నాలుగో అధ్యాయంలో తోడేలు వచ్చింది. అది వచ్చాక ఊరు మాయమైపోయింది. మార్కెట్ యార్డు లేదు, టీకొట్టు లేదు, షట్టరు సందు లేదు. అధ్యాయానికో శవం, ఎస్సై రావడం, పంచనామా, మళ్ళీ రాత్రి. ఎనభైల్లో వారపత్రికల్లో చేతబడి సీరియళ్ళు ఇలాగే నడిచేవి. వాటి అవసరం వేరు. వచ్చేవారం పాఠకుడు మళ్ళీ పత్రిక కొనాలంటే ఆఖరి లైనులో ఎవరో ఒకరు కెవ్వుమనాలి. నీ పుస్తకం మొత్తం ఒకేసారి చేతికొస్తుంది. వరసగా అన్ని కేకలు వింటే పాఠకుడు మధ్యలోనే ఫోను తీసి చూసుకుంటాడు.

అసలు సంగతికి వస్తాను. అడివిలో పులి తిరుగుతోందంటే తలుపు వేసుకుంటే సగం భయం తగ్గుతుంది. మనిషి తోడేలుగా మారే కథలో తలుపు పనికిరాదు. అది పగలు మన పక్కనే కూర్చుని టీ తాగుతుంది, మన ఇంట్లో పెళ్ళికి వడ్డన చేస్తుంది, మన పిల్లని ఎత్తుకుని ముద్దుచేస్తుంది. పెద్ద నగరంలో పక్క ఫ్లాటువాడెవడో మనకి ముందే తెలీదు కాబట్టి కొత్తగా భయపడేదేమీ ఉండదు. చిన్న ఊళ్ళో ప్రతివాడూ తెలుసు. ఆ తెలిసినవాళ్ళలో ఒకడు. నువ్వు రాయాల్సింది ఆ ఒకణ్ణి, అతన్ని తెలుసనుకున్న ఊరిని. కోరలూ గోళ్ళూ ఆ తరవాతి సంగతి.

1589లో జర్మనీలో, కొలోన్ నగరానికి దగ్గర్లో బెడ్‌బుర్గ్ అనే చిన్న ఊళ్ళో పేటర్ ష్టుంప్ అనే అతన్ని మనిషితోడేలని చెప్పి చంపారు. సైతాను ఇచ్చిన నడుంపట్టీ కట్టుకుంటే తోడేలైపోతాననీ, ఎందరినో చంపాననీ ఒప్పుకున్నాడు. చిత్రహింసలు చూపించి రాబట్టిన ఒప్పుకోలు అది, నమ్మక్కర్లేదు. మరుసటి ఏడాది లండన్‌లో ఆ కేసు మీద ఒక చిన్న పుస్తకం అచ్చయింది. చంపడాలు, శిక్ష వేసిన తీరు అన్నీ అందులో వివరంగా ఉన్నాయి. నాకు మాత్రం మనసులో నిలిచిపోయింది వేరే ముక్క. అతను శుభ్రమైన బట్టలు కట్టుకుని వీధుల్లో పెద్దమనిషిలా తిరుగుతుంటే, అతని చేతిలో చనిపోయిన పిల్లల తాలూకు వాళ్ళే ఎదురుపడి మర్యాదగా పలకరించేవారట. రక్తం చుక్క లేదు అందులో. నీ నవల్లో అలాంటి పలకరింపు ఒక్కటైనా ఉందా? నేను వెతికాను.

లేకపోవడానికి కారణం నీ ముగింపులో ఉంది. చివరికి తోడేలు ఎవరని తేలింది? హైదరాబాదు నుంచి రోడ్డు పనికి వచ్చిన కాంట్రాక్టరు. అయ్యో తల్లీ! దోషి బయటివాడైతే ఊరు హమ్మయ్య అనుకుని పడుకుంటుంది, పాఠకుడూ పడుకుంటాడు. నీ రెండో అధ్యాయంలోనే కావాల్సిన మనిషి ఉన్నాడు: ఆర్ఎంపీ డాక్టరు. డబ్బులుంటే తీసుకుంటాడు, లేకపోతే 'పంట వచ్చాక చూద్దాంలే' అంటాడు. అర్ధరాత్రి తలుపు కొట్టినా స్కూటర్ తీస్తాడు. గాయాలకి కట్టు కట్టేది ఆయనే, పోలీసులు రాకముందే శవం దగ్గరికి పిలిచేదీ ఆయన్నే. రాత్రి ఇంట్లో లేకపోతే ఎవరూ ఎక్కడికని అడగరు, 'ఏదో కేసు వచ్చి ఉంటుంది' అనుకుంటారు. ఇంతకన్నా ఏం కావాలి? ఆయన్ని తోడేలును చేసి చూడు. కాంట్రాక్టరును తీసెయ్యనక్కర్లేదు. ఊరికి మొదటి అనుమానం వచ్చేది అతని మీదే కదా, ఆ పనికి ఉంచు.

అనుమానం గురించి నువ్వు దాదాపు ఏమీ రాయలేదు. పన్నెండు మంది చచ్చిపోయిన ఊళ్ళో జనం ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకోరా? 1996లో ఉత్తరప్రదేశ్ తూర్పు జిల్లాల్లో, ప్రతాప్‌గఢ్, సుల్తాన్‌పూర్, జౌన్‌పూర్ వైపు, తోడేళ్ళు చిన్నపిల్లల్ని ఎత్తుకుపోయాయి. వన్యప్రాణి శాస్త్రవేత్తలు వచ్చి పరిశీలించి, ఇది తోడేలు పనేనని చెప్పారు. ఊళ్ళలో చాలామంది నమ్మలేదు. సగం మనిషి, సగం తోడేలు తిరుగుతోందన్నారు, 'మనాయి' అని దానికో పేరు కూడా ఉంది. మనిషే అయితే పగలు ఎక్కడో ఉండాలి కదా, మరి ఎక్కడ? ఆ ప్రశ్న పుట్టాక దారిన పోయే పరాయివాళ్ళని పట్టుకుని కొట్టడం మొదలైంది. కొందరు ఆ దెబ్బలకి చచ్చిపోయారు.

అంత దూరం ఎందుకు, 2018 మే నెల నీకు గుర్తుండే ఉంటుంది. పార్థీ గ్యాంగ్ అనే దొంగల ముఠా దిగిందని, పిల్లల్ని ఎత్తుకుపోతోందని వాట్సాప్‌లో ఫొటోలు, వాయిస్ మెసేజులు. మన రెండు రాష్ట్రాల్లోనూ కుర్రాళ్ళు కర్రలు పట్టుకుని రాత్రిళ్ళు కాపలా కాశారు. భాష రానివాళ్ళు, మతిస్థిమితం లేనివాళ్ళు, అడుక్కునేవాళ్ళు దెబ్బలు తిన్నారు, ప్రాణాలు పోయాయి. అప్పుడు మీ వీధిలో ఏం జరిగిందో రాసుకో. కాపలావాళ్ళకి టీ ఎవరు పెట్టి పంపారు, ఎవరు ఇంట్లోంచి బయటికి రాలేదు, ఆ పది రోజులూ ఎవరికి తిరనాళ్ళలా అనిపించింది. నీ నవలకి కావాల్సిన టెన్షన్ అంతా అందులోనే ఉంది, తోడేలు ఇంకా గడప దాటి రాకముందే.

నీ ఊళ్ళో ఇంకా చీకటి ఉండగానే ఒంటరిగా వీధులు తిరిగే మనిషి ఒకడున్నాడు, నువ్వు మర్చిపోయావు. బుడబుక్కలాయన. 'అంబ పలుకు, జగదంబ పలుకు' అంటూ డమరుకం ఆడించుకుంటూ వచ్చి, ఇంటి ముందు నిలబడి మంచిమాటలు చెప్పి, చేటెడు బియ్యమో పాత చొక్కానో తీసుకుని పోయేవాడు. ఏటా వచ్చే మనిషే. పోయినేడు ఆ చప్పుడు వింటే పిల్లలు దుప్పట్లో నవ్వుకున్నారు. ఈ ఏడు అదే చప్పుడు విని ఊరు ఏం చేస్తుంది? ఒక అధ్యాయం మొత్తం దీనికివ్వు. ఆయన వీధి మొదట్లో అడుగుపెట్టినప్పటి నుంచి చివరికి చేరేలోపు తెరుచుకున్న తలుపులు, తెరుచుకోని తలుపులు, వెనక చేరిన జనం. నీ నవల్లో అన్నిటికన్నా భయపెట్టే అధ్యాయం అదే అవుతుందని నా నమ్మకం.

ఇక్కడో జాగ్రత్త. కథ మలుపు తిరగాలని ఆయన్నే నిజం తోడేలును చేసి కూర్చోకు. 1941లో 'ది వుల్ఫ్ మ్యాన్' సినిమాలో హాలీవుడ్ అదే చేసింది, శాపాన్ని జిప్సీ బండ్లలో ఊరికి దింపింది. ఊరు ఎవరిని అనుమానిస్తుందో రచయిత కూడా వాళ్ళనే అనుమానిస్తే ఇక రాయడం దేనికి? అనుమానితుల జాబితా వేసుకుని పక్కన వాళ్ళ కులం, ఆస్తి కూడా రాసుకో. కాంట్రాక్టరుకు, బుడబుక్కలాయనకు ఒకేలాంటి అనుమానం వస్తుంది గానీ ఒకేలాంటి దెబ్బలు పడవు.

ఇప్పుడు వెన్నెల సంగతి. ఏడో అధ్యాయంలో దీపావళి రాత్రి నిండు పున్నమి వెలుగులో తోడేలు మేడ మీద నిలబడి ఊళ వేసింది. దీపావళి అమావాస్యమ్మా! తెలుగువాడెవడైనా ఆ పేజీ దగ్గర నవ్వుతాడు. ఒకసారి నవ్వినవాణ్ణి మళ్ళీ భయపెట్టడం నీ తరం కాదు, నా తరమూ కాదు.

నిజానికి యూరప్ పాత కేసుల్లో పున్నమికి అంత పెద్దపీట లేదు. సైతాను ఇచ్చిన పట్టీ, తోడేలు తోలు, ఒంటికి పూసుకునే లేపనం, ఇలాంటివే ఎక్కువ. కరిస్తే అంటుకోవడం, పున్నమికి రూపం మారడం, వెండితో చావడం ఇప్పుడు మనందరికీ తెలిసిన రూపంలో స్థిరపడింది 1930లు, 40ల నాటి సినిమాలతోనే. కాబట్టి అవి వేదవాక్కులేం కావు. వాడుకుంటే వాడుకో, మానితే మానెయ్యి. ఏదో ఒకటి తేల్చుకుని దానికి కట్టుబడితే చాలు. శ్రావణంలో మబ్బు పట్టిన పున్నమికి మారతాడా? చంద్రుడు కంటికి కనబడాలా, తిథి వస్తే సరిపోతుందా? తిథే లెక్కయితే, మధ్యాహ్నం మూడింటికి పౌర్ణమి ఘడియలు వచ్చిన రోజున ఏమవుతుంది? వేళాకోళానికి అనడం లేదు. గోడకి వేలాడే క్యాలెండర్‌లో ఆ ఘడియలు చూసుకుని, క్లినిక్కులో ఆఖరి పేషెంటుకి ఇంజెక్షన్ పొడుస్తూ గడియారం వంక చూసే ఆర్ఎంపీని ఊహించు. వరసలో ఇంకా ముగ్గురున్నారు. వాళ్ళలో ఒకరు చంటిపిల్ల తల్లి. ఈ సీను హాలీవుడ్‌కి దొరకదు, నీకు దొరుకుతుంది.

పైగా మన పున్నమిలు ఖాళీగా ఉండవు. ఏరువాక పున్నమికి ఎడ్లకి అలంకారాలు, శ్రావణంలో రాఖీలు, ఫాల్గుణంలో కాముడి మంట. కార్తీక పౌర్ణమి రాత్రయితే ఊరు ఊరంతా శివాలయం దగ్గరే ఉంటుంది, మూడువందల అరవై అయిదు వత్తులు వెలిగించుకుని, జ్వాలాతోరణం కింద దూరుతూ. అంతమందిలో ఒక మనిషి ఏటా కనబడడు. భార్య ఒక్కతే వత్తుల కట్ట పట్టుకుని వస్తుంది. 'డాక్టరుగారు రాలేదేం?' 'కంభం నుంచి ఎవరో సీరియస్ అని వచ్చారండీ, వెళ్ళారు.' మరుసటి ఏడు దోర్నాల నుంచి వస్తారు. మూడో ఏడు అడిగే ఆవిడే నవ్వి, 'ఈసారి కంభమా, దోర్నాలా?' అంటుంది. ఆ అడగడంలో వెటకారం ఉందో, ఇంకేమైనా ఉందో పాఠకుడికి తేలకూడదు.

ఆ అడిగే ఆవిడకి అసలు సంగతి తెలిసే ఉండొచ్చు కూడా. ఊళ్ళో కొందరికి తెలిసే ఉండొచ్చు. 1692లో లివోనియాలో, అంటే ఇప్పటి లాత్వియా ప్రాంతంలో, యుర్గెన్స్‌బుర్గ్ అనే చోట చర్చి దొంగతనం కేసు నడిచింది. సాక్షుల్లో తీస్ అనే ముసలాయన ఉన్నాడు, ఎనభై దాటినవాడు. ఆయనతో ప్రమాణం చేయించబోతుంటే ఇంకో సాక్షి ముసిముసిగా నవ్వాడు. న్యాయమూర్తులు ఎందుకని ఆరా తీస్తే, ఆ ముసలాయన తోడేలుగా తిరిగేవాడన్న సంగతి ఊరందరికీ తెలిసిందేనని బయటపడింది. తీస్ కూడా కాదనలేదు. మేం దేవుడి వేటకుక్కలం, మంత్రగాళ్ళు నరకానికి ఎత్తుకుపోయిన పంటని వెనక్కి తెస్తాం, మేం వెళ్ళకపోతే మీకు తిండి ఉండదు అన్న ధోరణిలో చెప్పుకొచ్చాడు. చివరికి కొరడా దెబ్బలు కొట్టి ప్రాంతం నుంచి వెళ్ళగొట్టారు. నాకు ఈ కేసులో నచ్చేది ఆ నవ్వు. ఏళ్ళ తరబడి ఊరికి తెలుసు, బయటివాడు అడిగేదాకా అదొక సంగతిగానే ఎవరికీ తోచలేదు.

నీ డాక్టరు విషయంలో దీన్ని ఇంకాస్త బిగించొచ్చు. రాత్రిపూట పలికే వైద్యుడు ఆ ఊరికి ఆయనొక్కడే. పాముకాటుకి, పురిటినొప్పులకి, పిల్లల ఫిట్స్‌కి ఆయనే. పెద్దాసుపత్రికి పోవాలంటే బండి మాట్లాడుకోవాలి. సంగతి తెలిసిన సర్పంచి ఏం చేస్తాడు? నెలకో ప్రాణం పోతోంది. నెలకి పది ప్రాణాలు నిలబడుతున్నాయి. ఈ లెక్క ఎవరూ బయటికి చెప్పరు, కానీ వేసుకుంటారు. వాళ్ళు లెక్క వేసుకుంటున్నట్టు నువ్వు కూడా ఎక్కడా చెప్పకు. పంచాయతీ ఆఫీసులో టీ గ్లాసులు చల్లారిపోతున్నా ఎవరూ లేచి వెళ్ళకపోవడం చూపించు.

తొమ్మిదో అధ్యాయంలో రూపం మారే ఘట్టం రెండున్నర పేజీలుంది. ఎముకలు పెటపెటలాడాయి, చర్మం చిట్లింది, కళ్ళు నిప్పుల్లా వెలిగాయి. సినిమాలో మేకప్ మనిషి చేసే పని నువ్వు మాటలతో చేయబోయావు. కొట్టెయ్యి. మర్నాడు పొద్దున రాయి. నేనైతే ఇలా మొదలుపెడతాను, నచ్చితే తీసుకో:

'ఆవిడ కళ్ళాపి చల్లడానికి తలుపు తీసింది. ఆయన పంపు గట్టు మీద కూర్చుని పళ్ళు తోముకుంటున్నాడు. కాళ్ళ దగ్గర నమిలి పారేసిన వేపపుల్లలు రెండున్నాయి. మూడోది నోట్లో ఉంది. "ఇంత పొద్దున్నే లేచారేం" అంది. ఆయన జవాబు చెప్పకుండా ఉమ్మి, ఉమ్మినచోట ఒక చెంబు నీళ్ళు పోసి, చూసి, ఇంకో చెంబు పోశాడు. ఆవిడ పేడనీళ్ళ బకెట్టు అక్కడే పెట్టి లోపలికి పోయింది.'

మూడో పుల్ల చాలు. ఆ రోజు ఆవిడ ఆయనకి ఇడ్లీ పెట్టిందా, ఆయన తిన్నాడా అన్నది నీ పని.

మనిషి ఇంకొకటిగా మారడం మన ఊళ్ళకి కొత్తేమీ కాదు, ఆ మాట కూడా నీ నవల్లో ఎక్కడా లేదు. పూనకం చూడనివాళ్ళెవరు? అమ్మవారి జాతర్లలో గావు పట్టడం చూశావో లేదో. ఒంటినిండా పసుపు, చేతిలో కొరడా, డప్పుల మధ్య ఊగిపోతూ మేకపిల్ల మెడని పళ్ళతో కొరికే మనిషిని అంతా కళ్ళారా చూస్తారు. మర్నాడు ఆయనే టీకొట్టు దగ్గర బీడీకి అగ్గిపెట్టె అడుగుతాడు, పక్కవాడు ఇస్తాడు. ఎవరూ జడుసుకోరు, ఆయన చేసింది ఊరి తరఫున చేసిన పని. ఈ మనిషీ, డాక్టరూ ఒకే టీకొట్టు బల్ల మీద కూర్చున్న సీను ఒకటి రాసి చూడు. ఊళ్ళో అందరికన్నా ముందు డాక్టరు సంగతి ఆయనకే తెలుస్తుందని నాకనిపిస్తోంది.

తోడేలు గురించి రెండు ముక్కలు, తొందరగా. నీ తోడేలు 'గర్జించింది', నాలుగు చోట్ల. తోడేలు గర్జించదు. మన మెట్టపొలాల్లో తిరిగే తోడేలు ఇరవై కిలోలకి అటూ ఇటూ ఉండే బక్క జంతువు, గుమ్మం నిండా నిలబడేంత ఆకారం దానికి లేదు. గొర్రెలకాపరులతో మాట్లాడు, వీలైతే మంద దగ్గర ఒక రాత్రి ఉండు. అది ఎటువైపు నుంచి వస్తుంది, కుక్కలు ముందు మొరుగుతాయా, మొరగడం ఆపేస్తాయా, అంతా చెప్తారు. నీ కథలో ఉన్నది మామూలు తోడేలు కాదని వాళ్ళే ముందు పసిగట్టాలి. ఎస్సై కాదు.

ఎస్సై అన్నాను కాబట్టి ఆ వెండి తూటా. పోలీసుకిచ్చే ప్రతి తూటాకీ లెక్క ఉంటుంది. ఆయన తాకట్టుకొట్లో వెండి కాలిపట్టీలు కొని, కరిగించి, సర్వీసు రివాల్వర్‌లో వేసి కాల్చడం నాకైతే మింగుడుపడలేదు. తీసెయ్యి. కానీ కాల్చడం ఉంచు, ముగింపు నుంచి జరిపి నవల మధ్యకి తీసుకురా. ఎందుకో చెప్తాను. ఫ్రాన్సు దక్షిణాన జెవుడాన్ అనే ప్రాంతంలో 1764 నుంచి 1767 దాకా ఒక మృగం సుమారు వందమందిని చంపింది, ఎక్కువమంది పశువులు కాసే పిల్లలు, ఆడవాళ్ళు. మనిషితోడేలే అన్నారు చాలామంది. రాజు పదిహేనో లూయీ తన ఆస్థాన వేటగాడు ఫ్రాన్స్వా అంత్వాన్‌ని పంపాడు. 1765 సెప్టెంబరులో ఆయన ఒక పెద్ద తోడేలుని కొట్టాడు. దాని తోలులో గడ్డి కూరి వెర్సాయ్‌కి పంపించారు, బహుమతులిచ్చారు, రాజుగారి దృష్టిలో కథ అయిపోయింది. కొన్ని నెలలైనా గడవకముందే మళ్ళీ పిల్లలు చావడం మొదలైంది. ఈసారి రాజధాని పట్టించుకోలేదు, మృగం చచ్చిపోయిందని అధికారికంగా తేలిపోయింది కదా. 1767 జూన్‌లో జాన్ షాస్తెల్ అనే ఆ ప్రాంతం మనిషే ఇంకో జంతువుని కాల్చాక గానీ చావులు ఆగలేదు. వెండి తూటా మాట తరవాతి వాళ్ళు అతికించారు.

ఇది నీకు అచ్చంగా పనికొస్తుంది. ఎస్సై కాల్చాడు, పాపం ఒక మామూలు తోడేలు చచ్చింది. జిల్లా పేజీలో ఫొటో పడింది, సన్మానం జరిగింది. అటవీశాఖవాళ్ళు వన్యప్రాణి చట్టం షెడ్యూల్ 1 కింద రక్షణ ఉన్న జంతువుని చంపినందుకు కేసు పెడతామంటే ఊరంతా స్టేషన్ ముందు ధర్నా చేసింది. కేసు మూసేశారు. తరవాతి పున్నమికి ఇంకొకరు చనిపోతే? ఆ చావుని 'తోడేలు' అని రాయడానికి ఎస్సైకి చెయ్యి రాదు. నీ నవల్లో రెండో సగం అక్కడ మొదలవ్వాలి.

ముగింపుకి నా దగ్గర ఒకటుంది. గోదావరి ఏజెన్సీ కథ. ఎడ్గార్ థర్‌స్టన్ 1912లో అచ్చువేసిన, దక్షిణాది శకునాలు, నమ్మకాల పుస్తకంలో దీన్ని రాసిపెట్టాడు. అక్కడ చేడిపె అనే మంత్రగత్తె గురించి చెప్పుకునేవారు. ఆమె పులి రూపంలో ఒంటరి బాటసారికి అడ్డంపడుతుంది. మిగతాదంతా పులే, ఒక కాలు మాత్రం మనిషి కాలుగానే ఉండిపోతుంది. దాన్ని మరులుపులి అనేవారు. ఎదురుపడ్డవాడికి గుండెధైర్యం ఉండి, దాని మనిషి పేరు పెట్టి పిలిస్తే చాలు, వెళ్ళిపోతుంది. ఊరు తక్కువగా చూసే ఆడదాని మీద వేసిన నింద కూడా ఆ కథలో ఉంది, దాన్ని యథాతథంగా మోసుకురాకు. మార్కాపురానికి గోదావరి కథ ఎలా వచ్చిందని ఎవరైనా అడుగుతారు కాబట్టి, రంపచోడవరం నుంచి బదిలీ మీద వచ్చిన ఫారెస్టు గార్డుతో ఎక్కడో మధ్యలో మాటవరసకి చెప్పించు. మీ దగ్గర టైగర్ రిజర్వు ఆఫీసు ఉండనే ఉంది.

ఇప్పుడు ఆలోచించు. ఆ డాక్టర్ని ఊళ్ళో ఎవరైనా పేరు పెట్టి పిలుస్తారా? అందరికీ 'డాక్టరుగారు'. బోర్డు మీద ఇంటిపేరు, పొడి అక్షరాలు. తల్లి ఎప్పుడో పోయింది. ఆయన్ని పేరుతో పిలిచేవాళ్ళు బతికి ఉన్నది ఎవరు? భార్యకి తెలుసు. కానీ ఆవిడ భర్త పేరు నోటితో పలకని తరం. పెళ్ళయి వచ్చిన రోజున గడప దగ్గర ఆడబడుచు అడ్డం నిలబడి చెప్పిస్తే ఒక్కసారి చెప్పింది, మళ్ళీ ఎప్పుడూ అనలేదు. రేషన్ కార్డు ఆఫీసులో కూడా చీటీ మీద రాసి ఇచ్చింది. ఆ రాత్రి అది గుమ్మంలో నిలబడితే, ఫారెస్టు గార్డు చెప్పిన మాట ఆవిడకి గుర్తొస్తే, నోరు పెగులుతుందా? పిలిస్తే వెళ్ళిపోతుందా, ఆగి చూస్తుందా? పిలవాలని ఆవిడకి అసలు ఉందా? నేను చెప్పను. ఇది నీ నవల. ఒక్కటి మాత్రం చెయ్యి: ఆ రేషన్ కార్డు చీటీ, గడప దగ్గర పేరు చెప్పించడం ముందరి అధ్యాయాల్లోనే, నవ్వొచ్చేలా రాసి వదిలెయ్యి. ఆఖర్లో గుర్తుచెయ్యకు, పాఠకుడే తెచ్చుకుంటాడు.

భాష గురించి పెద్దగా చెప్పేదేం లేదు. 'భయంకరమైన', 'ఒళ్ళు గగుర్పొడిచే', 'రక్తం గడ్డకట్టే' కనబడ్డ చోటల్లా కొట్టేస్తూ పో, వాక్యం తనంతట తను నిలబడిందో లేదో తెలిసిపోతుంది. సంభాషణలు మాత్రం మళ్ళీ రాయాల్సిందే. ఎస్సై కర్నూలువాడన్నావు, మెడికల్ షాపు ఆయనది ఒంగోలు వైపన్నావు, ఇద్దరూ టీవీలో వార్తలు చదువుతున్నట్టు మాట్లాడుకుంటున్నారు. మీ ఇంట్లో మాట్లాడుకునే మాట నీ చెవిలో ఉంది, అది రాయడానికి మొహమాటపడకు.

పోటీకి పంపనా అని అడిగావు. ఈసారికి వద్దు. గడువు చూసుకుని రాసినట్టు చివరి మూడు అధ్యాయాలు చెబుతూనే ఉన్నాయి. ముందు బుడబుక్కలాయన అధ్యాయం ఒక్కటి రాసి నాకు పంపు, అది కుదిరితే మిగతావి వాటంతటవే సర్దుకుంటాయి. పంపేటప్పుడు యూనికోడ్‌లో పంపమ్మా. పోయినసారి డీటీపీ ఫాంటులో పంపావు, మా కంప్యూటర్‌లో సగం పేజీలు గజిబిజిగా వచ్చి, మా మనవడు వచ్చేదాకా చదవడం కుదరలేదు.

మీ అమ్మగారిని అడిగానని చెప్పు.

ఇట్లు,
మాస్టారు